సముద్రంలో మునిగేవారి చేతికి ఏ కంప్యూటర్?

పాలకుర్తికి సముద్రం ఎటు చూసినా వందల కిలోమీటర్ల దూరం. అయినా ఈ మధ్య మా వైపు ఆడపిల్లలు కూడా ‘స్కూబా’ అంటున్నారు. వీపున గాలి సిలిండరు కట్టుకుని, నోట్లో గొట్టం పెట్టుకుని, చేపల మధ్య తిరిగి వచ్చే సరదా అది. కాజీపేటలో రాత్రి గోదావరి ఎక్కితే పొద్దునకల్లా విశాఖ. అక్కడ రుషికొండ తీరంలోనే స్కూబా చేయించేవారున్నారు. కాస్త సంపాదన ఉన్న పిల్లలు అండమాన్‌కూ, కర్ణాటకలో మురుడేశ్వర్ దగ్గరి నేత్రాణి దీవికీ వెళుతున్నారు. ఆడవాళ్లకు ఇదేం పిచ్చి అని ముక్కున వేలేసుకోకండి. నడుముకు ఎండు సొరకాయ బుర్ర కట్టుకుని మోటబావిలో ఈత నేర్చిన ఆడవాళ్లు మన ఊళ్లలో లేకపోలేదు.

హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్న మా అక్క బిడ్డ అండమాన్‌లో కోర్సు పూర్తి చేసి వచ్చింది. వచ్చీ రాగానే, “చిన్నమ్మా, చేతికి డైవ్ కంప్యూటర్ కొనుక్కోవాలె. ఇరవై వేలు దాటొద్దు. సైన్సు టీచర్‌వి గదా, ఏది మంచిదో చూసి చెప్పు” అని నా మీద పెట్టింది. మా అక్కకు ఒళ్లు మండింది. “ఇంట్ల గడియారాలు లేవా? ఆ పైసలకు ముక్కుపుడకన్నా వస్తది గదనే!” అంది. నాలుగు రకాల మాన్యువల్స్ ముందేసుకుని నేను కూర్చున్నది సగం ఆ పిల్ల కోసం, సగం మా అక్కకు జవాబు చెప్పడం కోసం.

అక్కకు గోలీసోడాతో చెప్పాను. సోడాలో గ్యాసు ఒత్తిడి వల్ల నీళ్లలో కరిగి ఉంటుంది. గోలీ నొక్కి ఒత్తిడి ఒక్కసారి తీసేస్తే బుస్సున పొంగుతుంది. మన ఒంట్లోనూ అంతే. నీళ్లలో 10 మీటర్లు దిగితే ఒత్తిడి గట్టు మీద ఉన్నదానికి రెట్టింపవుతుంది. లోతు బావిలో అడుగుకు మునిగితే చెవులు పోటెత్తేది ఈ ఒత్తిడికే. ఆ ఒత్తిడిలో సిలిండరు గాలి పీల్చినంతసేపూ అందులోని నైట్రోజన్ రక్తంలోకి, కండల్లోకి ఎక్కువగా కరుగుతూ పోతుంది. మెల్లగా పైకి వస్తే ఊపిరితో పాటే వెళ్లిపోతుంది. ఎక్కువసేపు లోతున ఉండి గబుక్కున పైకొస్తే ఒంట్లోనే బుడగలు కడుతుంది. కీళ్లు విపరీతంగా నొస్తాయి, కాళ్లు చచ్చుబడవచ్చు, ఒక్కోసారి ప్రాణమే పోవచ్చు. దీన్ని ‘బెండ్స్’ అంటారు.

ఈ జబ్బు మొదట పట్టిపీడించింది సరదాకు మునిగేవాళ్లను కాదు, కూలీలను. అమెరికాలో బ్రూక్లిన్ వంతెన కట్టినప్పుడు నది అడుగున గాలి నింపిన పెట్టెల్లో పనిచేసినవాళ్లు దీని బారిన పడ్డారు. చీఫ్ ఇంజనీర్ వాషింగ్టన్ రోబ్లింగ్ కూడా 1872లో దీనితోనే మంచాన పడ్డాడు. అప్పుడు ఆయన భార్య ఎమిలీ లెక్కలూ, లోహాల సంగతులూ నేర్చుకుని, ఆయన మాటను ఇంజనీర్లకు చేరవేస్తూ పదేళ్లకు పైగా పని నడిపించింది. 1883లో వంతెన ప్రారంభమైంది. మా అక్క మిగతాదంతా ఒక చెవితో విన్నా, ఈ కథను మాత్రం రెండు చెవులతో విన్నది.

ఆ తర్వాత 1908లో హాల్డేన్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త మేకల మీద ప్రయోగాలు చేసి, ఎంత లోతు నుంచి ఎంత మెల్లగా పైకి రావాలో పట్టికలు వేశాడు. చాలాకాలం డైవర్లు ఇలాంటి పట్టికలు చూసుకునే దిగారు. ఉదాహరణకు పి.ఎ.డి.ఐ. అనే శిక్షణ సంస్థ పట్టిక ప్రకారం 18 మీటర్ల లోతున 56 నిమిషాలు, 30 మీటర్ల లోతున 20 నిమిషాలే ఉండవచ్చు. చేతి కంప్యూటర్ చేసేది ఈ పట్టిక పనే. కాకపోతే మీరు నిజంగా ఏ లోతున ఎన్ని నిమిషాలున్నారో క్షణక్షణం చూస్తూ లెక్క మారుస్తుంది. 1980ల నుంచి ఇవి వాడకంలోకి వచ్చాయి.

ఒక్క మాట గుర్తుంచుకోండి. ఇది మీ రక్తాన్ని పరీక్షించదు, లెక్క మాత్రమే వేస్తుంది. ఎంత ఖరీదుదైనా అంతే. అందుకే ధర చూసి ధైర్యపడాల్సిన పని లేదు.

ఎవరు కొనాలి?

ఒక్కసారి సరదాగా దిగి చూద్దామనుకునేవారు అసలు కొనవద్దు. అలాంటివారిని 12 మీటర్లకు మించి దించరు, శిక్షకుడు వెంటే ఉంటాడు. కోర్సు పూర్తి చేసి, ఏడాదికి ఒకసారి రెండు రోజులు డైవ్ చేసేవారికి అద్దెది చాలు. అద్దెకు తీసుకుంటే ఆ రోజంతా ఒకే కంప్యూటర్ వాడాలి. పొద్దున డైవ్‌లో ఒంట్లో మిగిలిన నైట్రోజన్ లెక్క దానిలోనే ఉంటుంది. మధ్యాహ్నం వేరేది కట్టుకుంటే దానికి మీరు కొత్త మనిషే. జంటగా దిగేవారు ఇద్దరికీ ఒకటే అనుకోవడం కూడా పొరపాటే. పక్కమనిషి మీకంటే రెండు మీటర్లు పైన ఉన్నా లెక్క మారిపోతుంది. ఇద్దరి చేతుల్లో ఎవరిది ముందు పైకి పదమంటే దాని మాటే ఇద్దరూ వినాలి.

మా పిల్లలా ప్రతి సెలవుకూ సముద్రం బాట పట్టేవారు సొంతది కొనుక్కోవడమే మేలు. దాని బొత్తాములు, శబ్దాలు అలవాటైపోతాయి.

చౌకలో ఏది?

లక్ష దాటేవి కూడా ఉన్నాయి. రంగుల తెర, సిలిండరులో గాలి ఎంత ఉందో చేతికే చూపించే సదుపాయం, ఫోన్‌కు లెక్కలు పంపడం... ఇవన్నీ సౌకర్యాలే గానీ అవసరాలు కావు. సిలిండరు గాలి చూపించే మీటరు ఎలాగూ మీ గొట్టానికే వేలాడుతుంది. అవసరమైనవి ఇంతే: ఇప్పుడున్న లోతు, దిగి ఎంతసేపైందీ, ఈ లోతున ఇంకా ఎన్ని నిమిషాలు ఉండవచ్చు, పైకి రావడంలో తొందరపడితే హెచ్చరిక. నిమిషానికి 9, 10 మీటర్లకు మించిన వేగంతో పైకి రాకూడదు. పైకి వచ్చేముందు 5 మీటర్ల దగ్గర 3 నిమిషాలు ఆగాలి. ఆ మూడు నిమిషాలను లెక్కపెట్టి చూపించేదైతే మరీ మంచిది.

ఈ పనులన్నీ చేసే చౌక రకాల్లో ఇటలీ కంపెనీ క్రెస్సీ వారి లియోనార్డో, మారెస్ వారి పక్ ప్రో, ఫిన్లండ్‌కు చెందిన సూంటో వారి జూప్ నోవో ఏళ్ల తరబడి డైవర్ల చేతుల్లో నలిగినవి. మొదటి రెండింటికీ ఒకే బొత్తాము. తెలిసినవారికి విసుగు, కొత్తవారికి సుఖం. జూప్ నోవోకు నాలుగు బొత్తాములు. మూడింటిలోనూ అంకెలు పెద్దవి, నలుపూ తెలుపూ తెర. ధర దుకాణాన్ని, డాలరును బట్టి మారుతుంది కాబట్టి రెండు మూడు చోట్ల అడిగి చూడండి.

నన్నడిగితే, ధర తర్వాత మొదట చూడాల్సింది బ్యాటరీ. లియోనార్డోకు సీఆర్ 2430, మిగతా రెండింటికీ సీఆర్ 2450 అనే బిళ్లలాంటి బటన్ సెల్ సరిపోతుంది. మూత తిప్పి మనమే మార్చుకోవచ్చు. మూత చుట్టూ ఉండే సన్నని రబ్బరు రింగు మీద వెంట్రుక కూడా లేకుండా చూడాలి. ఆ సందులోంచే నీళ్లు దూరతాయి. సెల్ మార్చడానికి కంపెనీకే పంపాల్సిన రకమైతే మన జిల్లాల నుంచి ఎక్కడికని పంపుతాం?

పాతది చౌకగా వస్తుందంటే అద్దం లోపల చెమ్మ ఉందేమో, బొత్తాము నొక్కితే వెంటనే పలుకుతోందో లేదో చూడండి. మాన్యువల్ అడిగి తీసుకోండి.

మా అక్క అడిగిన ప్రశ్నను తేలిగ్గా తీసేయలేం. “దాని చేతికున్న స్మార్ట్ వాచ్ మీద 50 మీటర్లు అని రాసి ఉన్నది గద, మళ్లొకటి ఎందుకు?” అంది. వాచ్ మీద ‘5 ఏటీఎం’, ‘50 మీటర్లు’ అని ఉంటే ఈతకు పనికొస్తుందని అర్థం, 50 మీటర్ల లోతుకు తీసుకెళ్లమని కాదు. డైవ్ పరికరాల్లో లోతు, సమయం కొలతలకు ‘ఈఎన్ 13319’ అనే యూరప్ ప్రమాణం ఉంది. కొనేముందు ఆ సంఖ్య ఉందో లేదో చూడండి. స్మార్ట్ వాచ్‌లలో డైవ్ లెక్క వేసేవీ ఉన్నాయి, కానీ వాటి ధర మన సంభాషణలోకి రాదు.

ఆడవాళ్లు చూసుకోవలసినవి

సన్నని మణికట్టుకు పెద్ద కంప్యూటర్ జారి తిరిగిపోతుంది. సాగే తాడు పట్టీ వేయించుకుంటే కదలదు. గాజులు తీసి ఒడ్డునే పెట్టండి. నలభై దాటి చత్వారం వచ్చినవారు దుకాణంలో కళ్లద్దాలు తీసి అంకెలు చదివి చూడండి. నీళ్లలో ముఖానికి మాస్కు ఉంటుంది, కళ్లద్దాలుండవు. ఇక గర్భిణులు, కావచ్చునని అనుమానం ఉన్నవారు స్కూబా మానుకోవలసిందే. కడుపులో బిడ్డకు లెక్క వేసే కంప్యూటర్ ఇంతవరకు లేదు.

కంప్యూటర్‌లో ‘సేఫ్టీ’ స్థాయిలు రెండు మూడు ఉంటాయి. కొత్తవారు జాగ్రత్త ఎక్కువున్న స్థాయినే పెట్టుకోండి. పక్కవారికంటే అయిదు నిమిషాలు ముందు పైకొస్తారు, పోయేదేం లేదు.

తిరుగు ప్రయాణం మాటా అదే చెబుతుంది. డైవ్ అయ్యాక తెర మీద విమానం బొమ్మ కనిపిస్తే ఇంకా విమానం ఎక్కరాదని. డైవర్స్ అలర్ట్ నెట్‌వర్క్ సంస్థ సూచన ప్రకారం ఒకే డైవ్ చేసినవారు కనీసం 12 గంటలు, వరుసగా చేసినవారు 18 గంటలు ఆగాలి. అందుకే అండమాన్ వెళ్లేవారు చివరిరోజు డైవ్ పెట్టుకోరు. మనవాళ్లు మరిచిపోయేది అరకు. పొద్దున రుషికొండలో స్కూబా, మధ్యాహ్నం అరకు అని ప్యాకేజీ వేసుకుంటారు. అరకు సుమారు 3,000 అడుగుల ఎత్తు. ఆ సూచన వర్తించేది 2,000 అడుగుల నుంచే. కొండెక్కినా ఒత్తిడి తగ్గేది తగ్గేదే. ముందు అరకు చూసి వచ్చి, తర్వాత సముద్రంలోకి దిగండి.

మా పిల్ల చివరికి ఒకే బొత్తాము రకం కొన్నది, బడ్జెట్ దాటలేదు. ప్రతి డైవ్ తర్వాత దాన్ని మంచినీళ్లలో నానబెట్టి, ఉప్పు కడిగి, నీడన ఆరబెట్టాలి. కారు అద్దం ముందు ఎండలో వదిలేస్తే తెర పాడవుతుంది.