ఎండా వానా కలిసే తీరంలో దుస్తుల ఎంపిక

ఆంధ్ర తీరానికి విహారయాత్రికులు ఎక్కువగా తరలివచ్చే కాలం దసరా సెలవులతో మొదలై సంక్రాంతి వరకూ సాగుతుంది. ఇచ్ఛాపురం నుంచి తడ దాకా పరుచుకున్న ఈ తీరంలో వాతావరణం అత్యంత చంచలంగా ఉండేది కూడా ఈ కాలపు తొలి సగంలోనే. నైరుతి రుతుపవనాలు వెనుదిరిగి ఈశాన్య రుతుపవనాలు ప్రవేశించే అక్టోబరు, నవంబరు నెలల్లో బంగాళాఖాతంలో అల్పపీడనాలు ఏర్పడుతూ ఉంటాయి. వాటిలో కొన్ని బలపడి వాయుగుండాలుగా, తుపానులుగా మారతాయి. 2014 అక్టోబరు 12న విశాఖపట్నాన్ని తాకిన హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న పలాస సమీపంలో తీరం దాటిన తిత్లీ, 2023 డిసెంబరు 5న బాపట్ల వద్ద తీరం దాటిన మిచాంగ్ తుపానులన్నీ ఈ విహారయాత్రల కాలానివే. అంతటి విపత్తు లేని మామూలు రోజుల్లో సైతం ఉదయపు ఎండ, మధ్యాహ్నపు ఉక్కపోత, సాయంత్రపు జల్లు, రాత్రి చల్లగాలి ఒకదాని వెంట ఒకటి వచ్చిపడుతుంటాయి. అందుచేత ప్రయాణానికి ఏ బట్టలు సర్దుకోవాలన్న ప్రశ్న అలంకారంతో పాటు ఆరోగ్యానికీ, భద్రతకూ సంబంధించినదవుతుంది. రాబోయే వాతావరణాన్ని ఊహించి ఒక్కోదానికి ఒక్కో జత చొప్పున పెట్టె నింపుకోవడం కన్నా, బట్ట గుణం తెలుసుకొని, ఏ వాతావరణానికైనా మార్చి తొడుక్కోగల కొద్దిపాటి దుస్తులను ఎంచుకోవడమే ఈ తీరానికి తగిన పద్ధతి.

తీరపు గాలి తీరు

పగలు నేల త్వరగా వేడెక్కుతుంది, సముద్రం నెమ్మదిగా వేడెక్కుతుంది. నేల మీది వేడిగాలి పైకి లేవగా ఆ చోటును నింపడానికి సముద్రం మీది చల్లటి గాలి ఒడ్డుకు వీస్తుంది. సముద్ర పవనం అని పిలిచే ఈ గాలి సాధారణంగా పొద్దెక్కిన తరువాత మొదలై సాయంత్రం దాకా వీస్తుంది. రాత్రివేళ నేల త్వరగా చల్లబడటంతో గాలి దిశ మారి భూ పవనంగా సముద్రం వైపు సాగుతుంది. సముద్ర పవనం చల్లదనంతో పాటు తేమనూ మోసుకొస్తుంది. చెమట ఆవిరయ్యేటప్పుడు శరీరంలోని వేడిని తీసుకుపోతుంది, ఒక లీటరు చెమట పూర్తిగా ఆవిరైతే దాదాపు 580 కిలోకేలరీల వేడి తగ్గుతుంది. కానీ గాలిలో అప్పటికే తేమ నిండి ఉన్నప్పుడు చెమట ఆవిరి కాకుండా చర్మం మీదే నిలిచిపోతుంది. హైదరాబాదులో హాయిగా తొడుక్కునే బట్టలు, అంతే ఉష్ణోగ్రత ఉన్న విశాఖలోనో కాకినాడలోనో ఒంటికి అంటుకుపోయి చిరాకు పెట్టడానికి కారణం ఇదే. గంజి పెట్టి ఇస్త్రీ చేసిన చీర బిరుసు తగ్గి కొన్ని గంటల్లోనే వాలిపోవడానికీ ఈ తేమే కారణం.

నూలుకూ పాలిస్టర్‌కూ తేమతో ఉన్న సంబంధం

బట్ట ఏ పోగుతో నేసినదో తెలిస్తే అది తీరంలో ఎలా ప్రవర్తిస్తుందో చాలావరకు చెప్పవచ్చు. వస్త్ర శాస్త్రంలో తేమ గ్రహణ శాతం అనే కొలత ఒకటుంది. పూర్తిగా ఆరిన పోగును 20 డిగ్రీల ఉష్ణోగ్రతలో, 65 శాతం తేమ ఉన్న గాలిలో ఉంచినప్పుడు అది తన బరువులో ఎంత శాతం తేమను పీల్చుకుంటుందో ఈ కొలత తెలుపుతుంది. నూలుకు ఇది సుమారు 8.5 శాతం, పట్టుకు 11 శాతం, ఉన్నికి 16 శాతం, నైలాన్‌కు 4 శాతం కాగా, పాలిస్టర్‌కు 0.4 శాతం మాత్రమే. నూలు చెమటను తనలోకి తీసుకొని చర్మానికి ఊరటనిస్తుంది కనుక పొడిగా ఉన్న రోజున దానికి సాటి లేదు. అయితే బాగా తడిసిన నూలు బరువెక్కి ఆరడానికి చాలాసేపు పడుతుంది. పాలిస్టర్, నైలాన్ పోగులు నీటిని దాదాపు పీల్చుకోవు కాబట్టి పిండి దులిపితే త్వరగా ఆరిపోతాయి; కానీ దగ్గరగా నేసిన పాలిస్టర్ చొక్కా ఉక్కపోతలో ఊపిరాడనివ్వదు. మెత్తగా జారినట్టుండే రేయాన్ చూడముచ్చటగా ఉన్నా, తడిసినప్పుడు బలం తగ్గి, సాగి, ఆకారం కోల్పోతుంది. నూలు తడిసినప్పుడు మరింత బలపడుతుంది కనుక ఉతుకుడును తట్టుకుంటుంది.

ఈ గుణాలను కలిపి ఆలోచిస్తే ఎంపిక తేలికవుతుంది. ఒంటిని తాకే దుస్తులు పలుచని, వదులైన నూలువి కావాలి. వానలో, నీటిలో వాడేవి త్వరగా ఆరే కృత్రిమ పోగువి కావాలి. మందపాటి జీన్స్ ప్యాంటు ఈ రెండింటికీ పనికిరాదు. ఒకసారి తడిస్తే తేమగాలిలో రాత్రంతా ఆరవేసినా నడుము పట్టీ, కుట్లు, జేబులు తడిగానే మిగులుతాయి. దాని బదులు పలుచని నూలు ప్యాంటో, పాలిస్టర్ కలిసిన తేలికపాటి ప్యాంటో తెచ్చుకోవడం మేలు.

ఎండను ఆపే నేత

మబ్బు పట్టిన రోజున ఎండ దెబ్బ తగలదన్న నమ్మకం తీరంలో చెల్లదు. పలుచని మబ్బు అతినీలలోహిత కిరణాలను పెద్దగా ఆపలేదు. పైగా పొడి ఇసుక ఆ కిరణాలలో సుమారు 15 శాతాన్ని, అలల నురుగు సుమారు 25 శాతాన్ని తిరిగి పైకి పంపుతాయి కనుక గొడుగు నీడలో కూర్చున్నవారిని కూడా అవి తాకుతాయి. బట్ట ఈ కిరణాలను ఎంతవరకు ఆపుతుందో సూచించే కొలతను యూపీఎఫ్ అంటారు. యూపీఎఫ్ 50 అని ముద్రించిన బట్ట కిరణాలలో యాభయ్యో వంతును, అంటే 2 శాతాన్ని మాత్రమే లోపలికి రానిస్తుంది. మామూలు పలుచని తెల్ల నూలు టీషర్టు ఇందులో చాలా తక్కువ స్థాయిలో ఉంటుంది, తడిస్తే ఆ కొద్దిపాటి రక్షణ కూడా తగ్గుతుంది. దగ్గరగా నేసిన బట్ట, ముదురు రంగు బట్ట ఎక్కువ కిరణాలను ఆపుతాయి. ముదురు రంగు వేడిని కూడా ఎక్కువ పీల్చుకుంటుంది కనుక దాన్ని వదులుగా కుట్టించుకుంటే లోపల గాలి ఆడి ఆ ఇబ్బంది తీరుతుంది. మోచేతులు దాటిన చేతులున్న కుర్తా, మెడను కప్పే కాలరు, అంచు వెడల్పుగా ఉండి గడ్డం కింద కట్టుకునే తాడున్న టోపీ, ఈ మూడూ ఉంటే ఎండ నుంచి చాలావరకు రక్షణ దొరుకుతుంది. తాడు లేని టోపీ సముద్రపు గాలిలో నిలవదు.

జల్లుకూ గాలికీ పైవస్త్రం

వానను ఆపే బట్ట కోసం మనిషి చేసిన ప్రయత్నాలలో ముఖ్యమైనది 1823లో గ్లాస్గోకు చెందిన చార్లెస్ మెకింతోష్ పేటెంటు పొందిన పద్ధతి. రెండు బట్టల మధ్య రబ్బరు పొరను అతికించి ఆయన నీరు దూరని వస్త్రాన్ని తయారు చేశాడు. అది వానను ఆపినా చెమటను కూడా లోపలే బంధించింది, నేటి చవక రెయిన్‌కోట్లలోనూ ఆ లోపం కనిపిస్తుంది. అంగళ్లలో దొరికే పైకోట్లలో నీటిని పూర్తిగా ఆపేవి ఒక రకం, చిరుజల్లును కొంతసేపు తట్టుకునేవి రెండో రకం. తీరవిహారానికి చాలామందికి రెండో రకమే సరిపోతుంది. చంకల కింద గాలి రంధ్రాలు, తలకు టోపీ, ముందు జిప్పు ఉండి, మడిస్తే గుప్పెట్లో ఇమిడే పలుచని నైలాన్ విండ్‌చీటర్ జల్లుకూ గాలికీ కూడా అడ్డుపడుతుంది. గొడుగును గాలి తిరగేసే తీరంలో దీని విలువ మరీ ఎక్కువ.

సాయంత్రం తడి బట్టలతో గాలికి నిలబడటం వెచ్చని ప్రాంతంలో కూడా వణుకు పుట్టిస్తుంది, ఎందుకంటే నీరు గాలి కన్నా దాదాపు 25 రెట్లు వేగంగా శరీరపు వేడిని లాగేస్తుంది. అందుకే ఒక మందపాటి స్వెట్టరు కన్నా రెండు మూడు పలుచని పొరలు మేలు. పొరల మధ్య నిలిచే గాలి వేడిని బయటికి పోనివ్వదు, ఎండ రాగానే ఒక్కో పొరనూ తీసేయవచ్చు. విశాఖకు వచ్చినవారిలో చాలామంది సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్న అరకు లోయకు కూడా వెళ్తారు. నవంబరు తరువాత అక్కడి తెల్లవారుజాము చలికి ఇవే పొరలతో పాటు ఒక పలుచని ఉన్ని శాలువా చేరిస్తే సరిపోతుంది.

తీరపు మగ్గాల మీది సొగసు

సొగసు కోసం దూరం వెళ్లనక్కర్లేదు, ఈ తీరం వెంబడే తరతరాలుగా మగ్గాలు ఆడుతున్నాయి. శ్రీకాకుళం జిల్లా పొందూరులో వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని దువ్వి, సన్నని నూలు వడికి నేసే ఖద్దరు తేలికగా ఉండి తేమగాలికి బాగా ఒప్పుతుంది. ఉప్పాడ జమదానీ, వెంకటగిరి నేతలు పలుచదనానికి పేరు పొందాయి. మంగళగిరి నూలు కొంచెం గట్టిగా ఉండి కుర్తాలకు, చొక్కాలకు బాగా నిలుస్తుంది. మచిలీపట్నం దగ్గరి పెడనలో చెక్క అచ్చులతో అద్దే కలంకారీ బట్టలపై ఎరుపు, నలుపు, నీలం, గోధుమ రంగుల లతలు కిక్కిరిసి ఉండటంతో ఉప్పు చారలు, ఇసుక మరకలు త్వరగా కంటికి కనిపించవు. సహజ రంగుల బట్టలు తొలి ఉతుకుల్లో కొంత రంగు వదలవచ్చు కనుక వాటిని ముందే ఇంటివద్ద విడిగా ఉతికి తెచ్చుకోవడం మంచిది. నరసాపురం ప్రాంతపు మహిళలు అల్లే లేసు పైవస్త్రం ఒకటి ఉంటే సాదా కుర్తా కూడా సాయంత్రపు విందుకు తగినదవుతుంది. పట్టు, జరీ చీరలను మాత్రం ఇంట్లోనే ఉంచడం మేలు. ఉప్పుగాలికి జరీ మెరుపు తగ్గుతుంది, వాన చుక్కలు పట్టు మీద మరకలుగా మిగులుతాయి.

రంగులను ఒకదానితో ఒకటి కలిసేలా ఎంచుకుంటే తక్కువ బట్టలతోనే వైవిధ్యం సాధ్యమవుతుంది. నీలిమందు నీలం, లేత గోధుమ, తెలుపు వంటి రెండు మూడు రంగులకు పరిమితమై, వాటికి తోడు కలంకారీ అచ్చు ఒక్కటి చేర్చితే, మూడు పైవస్త్రాలు, రెండు కిందివస్త్రాలతో ఆరు రకాల జతలు కుదురుతాయి; పైన వేసుకునే లేసో శాలువానో ఒకటి ఉంటే అవి పన్నెండవుతాయి. ఒక పెద్ద నూలు చున్నీ ఎండకు తలపాగాగా, గుడిలో ఓణీగా, చలికి శాలువాగా పనిచేస్తుంది. మగవారికి పంచెగానీ లుంగీగానీ అలాంటి ఉపయోగమే ఇస్తుంది. అది సాయంకాలపు దుస్తు అవుతుంది, ఇసుక మీద పరచుకునే గుడ్డ అవుతుంది, బట్టలు మార్చుకునేటప్పుడు చాటు కూడా అవుతుంది.

నీళ్లలోకి దిగేటప్పుడు

సముద్రంలోకి దిగే దుస్తుల విషయంలో సొగసు కన్నా భద్రత ముందు రావాలి. కార్తీక పౌర్ణమి నాడు సూర్యలంక, మంగినపూడి, మైపాడు తీరాల్లో వేలాదిమంది సముద్ర స్నానం చేస్తారు, వారిలో చాలామంది స్త్రీలు చీరతోనే దిగుతారు. తడిసిన చీర, పొడవాటి చున్నీ, వదులైన ప్యాంటు నీటిని నింపుకొని బరువెక్కి కాళ్లకు చుట్టుకుంటాయి; అల వెనక్కి మళ్లేటప్పుడు లోపలికి లాగే ప్రవాహం బలంగా ఉన్నచోట ఈ బరువు ప్రాణాంతకం కావచ్చు. చీరతో దిగేవారు పలుచని నూలు చీరను చీలమండల పైకి బిగించి కట్టుకొని, పైటను నడుము చుట్టూ దోపుకొని, మోకాలి లోతు దాటకుండా స్నానం ముగించాలి. ఈత తెలిసినవారికి ఒంటికి పట్టి ఉండే, పొడుగు చేతుల నైలాన్ ఈత దుస్తులు ఎండనుంచీ నీటి ఒరిపిడినుంచీ కాపాడతాయి. పిల్లలకు నారింజ, ఎరుపు, ముదురు పసుపు వంటి రంగులే వేయాలి. నీలం, తెలుపు, బూడిద రంగులు అలల్లో కలిసిపోయి బిడ్డ ఎక్కడున్నదీ కనబడనివ్వవు. తెల్లని పలుచని బట్ట తడిస్తే పారదర్శకమవుతుందన్న సంగతి కూడా గుర్తుంచుకోదగినది.

పెట్టె సర్దడం, ఇంటికి చేరాక

తోలు చెప్పులకు ఉప్పునీరు పడదు కాబట్టి వెనుక పట్టీ ఉన్న రబ్బరు చెప్పులు ఒక జత, భీమిలి, తొట్లకొండ వంటి చోట్ల మెట్లూ రాళ్లూ ఎక్కడానికి అడుగున గరుకుగా ఉండే తేలికపాటి బూట్లు ఒక జత చాలు. మూడు రోజుల యాత్రకు మూడు పైవస్త్రాలు, రెండు కిందివస్త్రాలు, నీళ్లలోకి ఒక జత, ఒక విండ్‌చీటర్, ఒక చున్నీ లేదా శాలువా, రోజుకొకటి చొప్పున లోదుస్తులు, అదనంగా ఒక పొడి జత, త్వరగా ఆరే ఒక పలుచని తువ్వాలు సరిపోతాయి. పొడి జతను ప్లాస్టిక్ సంచిలో మూటగట్టి వేరుగా ఉంచాలి, తడి బట్టలకు మరో సంచి కేటాయించాలి. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల లవణాలు ఉంటాయి. అవి బట్టలో మిగిలితే గాలిలోని తేమను మళ్లీ మళ్లీ లాక్కుంటాయి కనుక ఆ బట్ట ఎంత ఆరవేసినా చెమ్మగానే ఉంటుంది. అందుకే స్నానమైన వెంటనే మంచినీటితో జాడించి పిండాలి; తడి బట్టలను సంచిలో రాత్రంతా కుక్కి ఉంచితే బూజు పట్టి వాసన వేస్తాయి.

అయితే ఎంత తెలివిగా ఎంచిన దుస్తులైనా తుపాను ముందు రక్షణ కాలేవు. వాతావరణ శాఖ జిల్లాలవారీగా పసుపు, నారింజ, ఎరుపు రంగులతో హెచ్చరికలు జారీ చేస్తుంది. పసుపు అప్రమత్తంగా గమనించమని, నారింజ సిద్ధంగా ఉండమని, ఎరుపు వెంటనే తగిన చర్య తీసుకోమని చెబుతుంది. బయలుదేరే ముందురోజూ, తీరంలో ఉన్న ప్రతి ఉదయమూ ఈ హెచ్చరికను చూసుకొని ఆనాటి బట్టలను నిర్ణయించుకోవాలి. నారింజ లేదా ఎరుపు హెచ్చరిక ఉన్ననాడు సముద్రపు ఒడ్డుకు వెళ్లే ఆలోచననే మానుకోవాలి.