పద్యం పాడాలంటే గొంతొక్కటే చాలదు!

రాగం వెంట భావం నడవాలి.. జాజ్‌ గాయకులకూ ఇదే తొలి పాఠం

సోమందేపల్లె: పౌరాణిక నాటకానికి పద్యమే ప్రాణం. జాతరలు, ఉత్సవాల సందర్భంగా గ్రామాల్లో రాత్రంతా సాగే ‘కురుక్షేత్రం’లో కృష్ణ రాయబారం పద్యాలకు, ‘సత్య హరిశ్చంద్ర’లో కాటిసీను పద్యాలకు ‘వన్స్‌మోర్‌’లు పడటం అందరూ ఎరిగినదే. వాన కోసం విరాటపర్వం చదివించే ఆచారమున్న తెలుగు పల్లెలకు పద్యం కొత్త కాదు. అయితే దానిని రంగస్థలంపై పాడటం నేర్చుకోవడం పుస్తకంతో అయ్యే పని కాదు. అచ్చులో కనిపించేవి అక్షరాలు మాత్రమే. రాగం ఎక్కడ ఎత్తుకోవాలి, ఏ మాట వద్ద ఆగాలి, ఆలాపన ఎంతవరకు సాగాలి అన్నవి గురువు నోట విని పట్టుకోవలసిందే.

మేనమామ బాట.. మేనల్లుడి హెచ్చరిక

తెలుగు నాటకంలో పాటలకు, రాగయుక్తమైన పద్యాలకు చోటు కల్పించిన తొలితరం వారిలో ధర్మవరం రామకృష్ణమాచార్యులు (1853-1912) ముఖ్యులు. ఆయన జన్మస్థలం ధర్మవరం. అనంతపురం జిల్లా ఏర్పడింది 1882లో. అంతకుముందు ఈ ప్రాంతమంతా బళ్ళారి జిల్లాలోనే ఉండేది. బళ్ళారిలో సరస వినోదినీ సభను నడిపిన ఆయన 1887లో ‘చిత్రనళీయం’ ప్రదర్శించారు. ఆంధ్ర నాటక పితామహుడిగా పేరొందారు.

ఆయన మేనల్లుడే 1880లో తాడిపత్రిలో జన్మించిన బళ్ళారి రాఘవ. న్యాయవాదిగా, మహానటుడిగా పేరు గడించిన రాఘవ నాటకంలో అభినయానికే పెద్దపీట వేశారు. సాగదీసిన రాగాల వల్ల పాత్ర మరుగున పడుతుందన్నది ఆయన అభ్యంతరం. పద్యం నేర్చుకునే ప్రతి ఒక్కరూ నేటికీ తేల్చుకోవలసిన ప్రశ్న ఇదే. రాగం భావాన్ని మోస్తోందా, మింగేస్తోందా?

ఊపిరి ఎక్కడ తీయాలి?

తొలి మెట్టు శ్రుతి. హార్మోనియం ఇచ్చే ఆధార షడ్జంపై గొంతు నిలవకపోతే ఎంత మంచి రాగమైనా రాణించదు. ఇతరుల గొంతును చూసి తమకు అందని శ్రుతిని ఎంచుకుంటే పై స్థాయిలో కంఠం పగులుతుంది. హాయిగా పలికే శ్రుతి నుంచి మొదలుపెట్టి క్రమంగా పెంచుకోవడం మేలు.

రెండవది ఊపిరి. ఉత్పలమాల పాదంలో 20 అక్షరాలు, చంపకమాల పాదంలో 21 అక్షరాలు ఉంటాయి. తెలుగు పద్యంలో పాదం ముగిసినచోట మాట ముగియాలన్న నియమం లేదు. ఒకే పదం సగం ఈ పాదంలో, సగం తరువాతి పాదంలో పడవచ్చు. అలవాటుగా పాదాంతంలో ఊపిరి తీస్తే ఆ పదం రెండుగా విరిగి అర్థం చెడుతుంది. అందుకే ముందుగా రాగం లేకుండా, ఎదుటివారితో మాట్లాడుతున్నట్లు పద్యాన్ని చదవాలి. పదవిభాగం తెలిశాక ఊపిరి తీసే చోట్లు గుర్తుపెట్టుకోవాలి. ఆ తరువాతే రాగం.

మూడవది రాగం ఎంపిక. శోకానికి ముఖారి, శుభపంతువరాళి వంటివి ఒప్పుతాయి. మోహన, కల్యాణి వంటివి హుందాతనాన్ని ఇస్తాయి. రంగస్థల పద్యానికి సాధారణంగా తాళం కట్టడి ఉండదు. అందువల్ల వేగం, విరామం గాయకుడి చేతిలోనే ఉంటాయి. ఈ స్వేచ్ఛ వరమే అయినా అదుపు తప్పితే కోపంతో పలకవలసిన మాట కూడా కచేరీగా మారిపోతుంది.

జాజ్‌దీ ఇదే దారి

ఇరవయ్యో శతాబ్ది ఆరంభంలో అమెరికాలోని న్యూ ఆర్లీన్స్‌ నల్లజాతి ప్రజల నడుమ రూపుదిద్దుకున్న జాజ్‌ సంగీతంలోనూ గాయకులు వినికిడితోనే నేర్చారు. బాణీ ఒకటే అయినా పాడిన ప్రతిసారీ దానిని కొత్తగా మలచడం అక్కడి పద్ధతి. లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్‌ 1926లో ‘హీబీ జీబీస్‌’ రికార్డులో అర్థం లేని అక్షరాలతోనే స్వరాలల్లి మెప్పించారు. బిల్లీ హాలిడే తాళం దెబ్బ కంటే రవ్వంత ఆలస్యంగా మాటను విడిచేవారు. ఆ కొద్ది జాప్యంతోనే పాటకు ఆవేదన వచ్చేది.

రెండింటికీ తేడా లేకపోలేదు. జాజ్‌లో వెనుక తాళం ఆగకుండా నడుస్తుంటుంది, గాయకుడు దానికి కాస్త ముందో వెనుకో సాగుతాడు. రంగస్థల పద్యంలో హార్మోనియమే గాయకుడిని అనుసరిస్తుంది. మైకు వచ్చాక జాజ్‌ గాయకులు చెవిలో చెప్పినంత మెల్లగా పాడగలిగారు. మైకు లేని రోజుల్లో చివరి వరుస వరకు వినిపించేందుకు ఏర్పడిన హెచ్చుశ్రుతి అలవాటు మన రంగస్థలంపై మాత్రం చాలావరకు నిలిచిపోయింది.

అనుకరణతో ఆగిపోరాదు

రికార్డులు, క్యాసెట్లు, ఆ తరువాత సెల్‌ఫోన్లు మహానటుల పద్యాలను ఇంటింటికీ చేర్చాయి. గురువు అందుబాటులో లేనివారికి ఇది గొప్ప ఆసరా. చిక్కల్లా అనుకరణ వద్దే ఆగిపోవడంతోనే. పద్యం మధ్య ఈల వేసి మెప్పించిన కల్యాణం రఘురామయ్య ‘ఈలపాట’ ఇంటిపేరైనంతగా ప్రసిద్ధికెక్కారు. ఆ ఈల ఆయన సొంతం. దానిని అచ్చు దించినంత మాత్రాన మరొకరు రఘురామయ్య కాలేరు.

సాధనకు సులువైన క్రమం ఉంది. ఒకే పద్యాన్ని ముగ్గురు నటుల గొంతుల్లో వినాలి. ఎవరు ఎక్కడ ఆగారో, ఏ మాటను నొక్కారో గమనించాలి. ఒకరిని అనుసరించి కంఠస్థం చేయాలి. ఆపై ఆ రికార్డును పక్కన పెట్టి, అర్థాన్ని తలచుకుంటూ తమ శ్రుతిలో పాడుకోవాలి. చివరగా ఆ కథ తెలియని వ్యక్తి ముందు పాడి, ఏం అర్థమైందో అడగాలి. పాత్ర మనసు అతడికి తెలిసిందంటే ఆలాపన ఎంత సాగినా బరువు కాదు. రాగం బాగుందని మాత్రమే చెబితే మళ్లీ పదవిభాగం నుంచి మొదలుపెట్టాలి.