ఇంటి వైఫై పురుగుల ఇంటిదాకా రావాలంటే



కోలారు, చిక్కబళ్లాపురం వైపు గానీ, హొసూరు, డెంకణికోట వైపు గానీ ఇప్పుడు చాలా ఊళ్లలో ఇంటికి ఇంటర్నెట్ వచ్చేసింది. పిల్లల చదువు, టీవీ, ఫోన్లో గూళ్ల ధర చూసుకోవడం, అన్నీ దాని మీదే. మన బతుకు నడిపించే పురుగుల ఇంటికి మాత్రం అది అందదు. ఇంటి గుమ్మం దాటి నాలుగు అడుగులు వేస్తే సిగ్నల్ పోతుంది.

*షెడ్డులో దాని అవసరం ఏమిటి?*

చాకీ పురుగులకు 27-28 డిగ్రీల వేడి, 85-90 శాతం తేమ కావాలి. నాలుగో జ్వరం దాటి పెద్ద పురుగులు అయ్యాక 24 డిగ్రీలు, 65-70 శాతం చాలు. అప్పుడు తేమ ఎక్కువై గాలి ఆడకపోతే రోగం లేస్తుంది. పంట మొత్తానికి పెట్టే ఆకులో ఎక్కువ భాగం పెట్టేదీ ఆ వారంలోనే, కాబట్టి నష్టం కూడా పెద్దదే. వేడీ తేమా చూపే చిన్న సెన్సారు, ఒక కెమెరా ఉంటే రాత్రి రెండు గంటలకు మంచం మీద నుంచే చూడొచ్చు. హద్దు దాటితే ఫోను మోగేలా పెట్టుకోవచ్చు.

*వైఫై ఎందుకు అందదు?*

రేకుల కప్పు, ఇనుప తలుపు, ఇనుప జాలీ సిగ్నల్‌ను ఆపేస్తాయి. నైలాన్ ఊజి వల ఆపదు. మందం గోడలు సగం మింగేస్తాయి. తేమ కోసం మనం కట్టే తడి గోనె పట్టాలు కూడా సిగ్నల్‌ను తాగేస్తాయి. అందుకే ఖాళీ షెడ్డులో బాగా పనిచేసింది, పంట మధ్యలో మొరాయిస్తుంది. ఇంట్లో ఇంకా పెద్ద రౌటర్ పెట్టినా లాభం లేదు. అది గట్టిగా అరవగలదు గానీ, షెడ్డులోని చిన్న సెన్సారు తిరిగి అంత గట్టిగా పలకలేదు.

*నమ్మకమైన దారి: షెడ్డుదాకా వైరు, లోపల వైఫై*

ఇంటి రౌటర్ నుంచి షెడ్డుకు నెట్‌వర్క్ కేబుల్ లాగండి. రాగి కేబుల్ ఒకే లాగులో 100 మీటర్ల దాకే నమ్మకం. బయట ఎండకు తట్టుకునే రకం, అసలు రాగిది అడిగి తీసుకోండి. అల్యూమినియం మీద రాగి పూత వేసినది చవకగా దొరుకుతుంది గానీ తొందరగా విరుగుతుంది. పైపులో వేసి, కరెంటు వైరుకు దూరంగా పోనివ్వండి.

దూరం 100 మీటర్లు దాటినా, మీది పిడుగులు పడే చోటైనా ఇనుప తీగ లేని ఫైబర్ కేబుల్ మేలు. రెండు చివర్లా మీడియా కన్వర్టర్ అనే చిన్న పెట్టె కావాలి. ఫైబర్‌లో కరెంటు పారదు, కాబట్టి షెడ్డు దగ్గర పిడుగు పడినా దాని గుండా ఇంటి సామాన్ల మీదికి రాదు.

షెడ్డులో ఆ కేబుల్‌ను యాక్సెస్ పాయింటుకు తగిలించండి. ఇంట్లో పాత రౌటర్ ఉంటే అదే పనికొస్తుంది. దాన్ని యాక్సెస్ పాయింట్ మోడ్‌లో పెట్టండి. ఆ మోడ్ లేకపోతే మూడు పనులు:

1. ఇంటి రౌటర్ అడ్రసు 192.168.1.1 అయితే దీనికి 192.168.1.2 ఇవ్వండి.
2. దీంట్లో డీహెచ్‌సీపీ ఆపేయండి. ఇద్దరు పెద్దలు ఒకే ఇంట్లో నంబర్లు పంచితే గొడవే.
3. కేబుల్‌ను వాన్ రంధ్రంలో కాదు, లాన్ రంధ్రంలో పెట్టండి.

వైఫై పేరు, పాస్‌వర్డ్ రెండు చోట్లా ఒకటే పెడితే ఫోను తనంతట తానే మారుతుంది.

*దేనికి వైరు, దేనికి వైఫై?*

కదలని వాటికి వైరు: టీవీ, కెమెరా రికార్డరు. పీఓఈ కెమెరా, దానికి తగ్గ స్విచ్ తీసుకుంటే ఒకే కేబుల్‌లో కరెంటూ బొమ్మా రెండూ పోతాయి. ఫోన్లకు, సెన్సారుకు వైఫై. చాలా సెన్సార్లు 2.4 గిగాహెర్ట్జ్ మీదే పనిచేస్తాయి. వేగం తక్కువైనా అది 5 గిగాహెర్ట్జ్ కంటే దూరం పోతుంది, దాన్ని ఆపేయకండి.

*కరెంటు పోతే?*

ఫ్యాన్లు ఆగి, వేడి పెరిగేది కరెంటు పోయినప్పుడే. సరిగ్గా అప్పుడే నెట్‌వర్క్ కూడా పడిపోతే ఇంత ఖర్చు ఎందుకు? ఇంట్లో ఫైబర్ పెట్టె, రౌటర్, దారిలో కన్వర్టర్లు, స్విచ్, షెడ్డులో యాక్సెస్ పాయింట్, ప్రతిదానికీ బ్యాటరీ ఉండాలి. గొలుసులో ఒక్క కడియం తెగినా కబురు రాదు. ఒకసారి మెయిన్ స్విచ్ ఆపి చూడండి, ఫోన్లో షెడ్డు కనిపిస్తోందో లేదో తెలిసిపోతుంది.

ఇంకో మాట. ఫోన్లో అంకె ఒక్కటే చూడొద్దు, ఆ అంకె ఎన్ని గంటలది అనేది చూడండి. రెండు గంటల కిందటి 24 డిగ్రీలు అంటే బాగుందని కాదు, కబురు ఆగిందని. లేచి వెళ్లాల్సిందే.

*శుద్ధి చేసే రోజు*

బ్లీచింగ్ పౌడరు, క్లోరిన్ మందులు లోహాన్ని తినేస్తాయి. మందు కొట్టే ముందు సెన్సారు, కెమెరా, యాక్సెస్ పాయింట్ విప్పి బయట పెట్టండి, కేబుల్ కొసలకు ప్లాస్టిక్ సంచి కట్టండి. విప్పిన సామాను బాగా తుడిచాకే మళ్లీ లోపలికి తేవాలి, లేదంటే రోగం దాంతోనే తిరిగొస్తుంది. సెన్సారును పంటకొకసారి పాత తడి-పొడి థర్మామీటరు పక్కన పెట్టి సరిచూసుకోండి.

*అందరిదీ అయినప్పుడు*

ఒకే కనెక్షన్ మీద అన్నదమ్ముల కుటుంబాలు, షెడ్డు ఉంటే పాస్‌వర్డ్ ఊరంతా తిరుగుతుంది. ఆకు కోసే వాళ్లకు, వచ్చిపోయే చుట్టాలకు గెస్ట్ నెట్‌వర్క్ విడిగా పెట్టండి. కెమెరాతో వచ్చిన పాస్‌వర్డ్ మొదటి రోజే మార్చండి. కెమెరా తట్టల వైపు, చంద్రికల వైపు తిప్పండి. షెడ్డులో పనిచేసే ఆడవాళ్లకు అక్కడ కెమెరా ఉందని, దాన్ని ఎవరెవరు చూస్తారో ముందే చెప్పండి.

ఇదంతా పంట మధ్యలో మొదలుపెట్టొద్దు. గూళ్లు మార్కెట్టుకు పోయి, షెడ్డు ఖాళీ అయిన రోజుల్లో పని ముగించుకుంటే, వచ్చే చాకీకి అంతా సిద్ధంగా ఉంటుంది.