రెండు ఊళ్ళ పంచాయితీ

శుక్రవారం పొద్దున ఎనిమిది గంటలకి ఖైతాన్‌లో లేచి ఉండేవాళ్ళు తక్కువ. వారానికి దొరికేది ఒక్క సెలవు. గురువారం రాత్రంతా ఇంటికి ఫోన్లు మాట్లాడి తెల్లవారుజామున పడుకుంటారు. అలాంటి ఒక శుక్రవారం, 2024 ఆగస్టు 23న, నేను డబుల్ మంచం పైభాగంలో తల స్లాబుకి తగలకుండా వంగి కూర్చుని, చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని, మా ఊరి గ్రామసభ చూస్తున్నాను. ఊళ్ళో అప్పటికి పదిన్నర. సచివాలయం ముందు షామియానా వేశారు. మా చిన్నాన్న కొడుకు ఫోన్ పట్టుకుని నిలబడ్డాడు. వాడి బొటనవేలు అప్పుడప్పుడూ కెమెరాకి అడ్డం వస్తోంది.

మంచం కింద నా రెండు సూట్‌కేసులు తాళాలు వేసి సిద్ధంగా ఉన్నాయి. ఆ సాయంత్రానికల్లా ఆ గది ఖాళీ చెయ్యాలి. అది తర్వాత చెప్తాను.

ఆ రోజు ఆంధ్రప్రదేశ్‌లో ఉన్న 13,326 పంచాయతీల్లోనూ ఒకేసారి గ్రామసభలు పెట్టారు. ఉపాధి హామీ కింద ఏ ఊళ్ళో ఏ పని చెయ్యాలో ఆ ఊరివాళ్ళే తీర్మానం చెయ్యాలని. మొత్తం 4,500 కోట్ల రూపాయల పనులు, 87 రకాలు అన్నారు. పంచాయతీరాజ్ మంత్రి పవన్ కళ్యాణ్ స్వయంగా మా వైపుకే, రైల్వే కోడూరు నియోజకవర్గంలోని మైసూరావారిపల్లెకి వచ్చారు. మా ఊరి సభలో జనం పలచగా ఉండడానికి అదీ ఒక కారణం. కుర్రకారంతా బండ్లేసుకుని అటు పోయారు. మిగిలింది ముసలివాళ్ళు, ఆడవాళ్ళు, వార్డు మెంబర్లు, ఫోన్లలో మేము. మేము అంటే కువైట్ వాళ్ళం. మా చుట్టుపక్కల ఊళ్ళలో కువైట్‌తో సంబంధం లేని ఇల్లు వెతకాలి.

గ్రామసభ అంటే సినిమాల్లో చూపించినట్టు రచ్చబండ దగ్గర అరుపులు అనుకుంటారు. నేను చూసినంతలో అది ఎక్కువ భాగం చదవడమే. సెక్రటరీ ఒక కాగితం చదువుతాడు. ఫలానా వారి పొలంలో ఫారం పాండ్, ఫలానా వీధికి సీసీ రోడ్డు, పశువుల షెడ్లు ఇన్ని, బడికి ప్రహరీ గోడ. ప్రతిదాని తర్వాతా 'ఎవరికైనా అభ్యంతరమా?' అని తల ఎత్తకుండానే అడుగుతాడు. ఎవరూ పలకరు. రాసుకుంటాడు. మధ్యలో ఎవరో వీధిలైటు సంగతి ఎత్తుతారు. ట్యాంకు కడిగి ఎన్నాళ్ళయిందని ఇంకొకరు. 'ఇది ఉపాధి పనుల సభ, అది వేరే' అంటాడు. వేరే సభ ఎప్పుడో ఎవరికీ తెలియదు.

నేను కాచుకుని కూర్చుంది మా వీధి కాలువ కోసం.

మా వీధిలో సిమెంటు రోడ్డు పడి చాలా ఏళ్ళయింది. పాత రోడ్డు తవ్వకుండా దాని మీదే పోశారు. మళ్ళీ ఒకసారి దాని మీద ఇంకో పొర. రోడ్డు పెరిగింది, మా ఇల్లు ఎక్కడున్నది అక్కడే ఉంది. పై వీధి నుంచి వచ్చే కాలువ మాకు రెండిళ్ళ ముందే ఆగిపోయింది. ఎందుకు ఆగిందంటే అప్పటి డబ్బులు అంతవరకే వచ్చాయన్నారు. దాంతో పైనున్న ఇళ్ళ బట్టలుతికిన నీళ్ళు, గిన్నెలు తోమిన నీళ్ళు, వానొస్తే వాన నీళ్ళు, అన్నీ మా గుమ్మం ముందు నిలబడతాయి. అమ్మ నాలుగు రాళ్ళు వేసుకుని వాటి మీద అడుగులేసి దాటేది. ముందటి ఏడాది ముసురులో ఒక రాయి కదిలింది. మణికట్టు విరిగింది. తిరుపతిలో ఆపరేషన్, లోపల ప్లేటు. నేను ఇక్కడ మూడు నెలల జీతం మీద అప్పు తీసుకుని పంపాను. తర్వాత ఒక మేస్త్రీని అడిగితే, ఆ డబ్బుతో ఆ మిగిలిన కాలువ కట్టి కొంత మిగిలేదన్నాడు.

సెక్రటరీ జాబితా చివరికొచ్చింది. మా వీధి పేరు రాలేదు.

నేను ఫోన్లో అరిచాను. మా వాడు స్పీకర్ ఆన్ చేశాడు. 'ఎవరబ్బా అది?' అన్నాడు సెక్రటరీ. 'మా అన్న సార్, కువైట్లో ఉండాడు.' సభంతా నవ్వింది. నేను చెప్పాల్సింది చెప్పాను, సగం మాటలు సిగ్నల్ మింగేసింది. సెక్రటరీ మంచివాడే. ఓపిగ్గా విని అన్నాడు: 'అది కాదన్నా, ఫోన్లో ఉండేవాళ్ళు సభకు వచ్చినట్టు నేనెట్లా రాసేది? రిజిస్టర్లో సంతకం ఎవురు పెడతారు?'

న్యాయమైన ప్రశ్న. నాకు ఊళ్ళో ఓటుంది. 2021 ఫిబ్రవరిలో పంచాయతీ ఎన్నికలు జరిగినప్పుడు కూడా ఉంది, కానీ కరోనా రోజుల్లో టికెట్టు పెట్టుకుని, క్వారంటైన్లు దాటుకుని వెళ్ళి వార్డు మెంబరుకి ఓటెయ్యడం ఎవరివల్ల అవుతుంది? ఇక్కడికొచ్చి పద్నాలుగేళ్ళలో నేను ఒక్క స్థానిక ఎన్నికలోనూ ఓటెయ్యలేదు.

ఇంతలో వెనక వరుసలో అమ్మ లేచి నిలబడింది. నేను ఆమె సభకు వచ్చిందని కూడా అనుకోలేదు. 'సంతకం నేను పెడతా. నీళ్ళు నిలబడేది నా వాకిట్లో గదా, వాడి వాకిట్లో కాదు' అంది. ప్లేటు వేసిన చెయ్యి కొంగు కిందే ఉంచి, ఎడమ చేత్తో కొక్కిరిబిక్కిరిగా పెట్టింది. కాలువ తీర్మానంలోకి ఎక్కింది.

ఇప్పుడు సూట్‌కేసుల సంగతి.

ఆ ఏడాది జూన్ 12 తెల్లవారుజామున మంగాఫ్‌లో కార్మికులుండే బిల్డింగ్ తగలబడింది. యాభై మంది పోయారు, ఎక్కువమంది మనవాళ్ళే. కేరళవాళ్ళు ఎక్కువ, ఆంధ్రా నుంచి కూడా ఉన్నారు. 45 శవపేటికలు వైమానిక దళం విమానంలో కొచ్చిన్ వెళ్ళిన రోజు మా గదిలో ఎవరూ వంట చెయ్యలేదు. ఆ తర్వాత దేశమంతా తనిఖీలు మొదలయ్యాయి. బేస్‌మెంట్లు, పార్టిషన్లు, మెట్ల కింద సిలిండర్లు. మా గది ఆ తనిఖీ తట్టుకునేది కాదు. మూడు గదుల ఫ్లాటుని యజమాని చెక్కలతో ఆరు చేశాడు. నేనున్న భాగానికి కిటికీ లేదు. తొమ్మిదిమందికి ఒకటే తలుపు. పది రోజుల్లో ఖాళీ చెయ్యాలని రాసిన కాగితాన్ని హారిస్ తెచ్చి మెట్ల దగ్గర అతికించి, మాకు అరబీ రాదని తెలిసి, చేతుల్తో 'బయటికి' అని చూపించి పోయాడు. ఆ నెల అద్దె అప్పటికే తీసుకున్న యజమాని తర్వాత ఫోన్ ఎత్తలేదు.

నిజం చెప్పాలంటే ఆ తనిఖీలు నాకు మేలే చేశాయి. ఆ చెక్క గూడులో మంట వస్తే నేను బతికేవాణ్ణి కాదు, అది నాకు మంగాఫ్‌కి ముందు కూడా తెలుసు. తెలిసీ ఎందుకున్నానంటే ఇరవై దినార్లకి మంచం దొరికేది గనక.

ఇక్కడ బ్యాచిలర్ అంటే పెళ్ళికానివాడు కాదు. కుటుంబం పక్కన లేనివాడు. మా గదిలో రాయచోటి మామ ఉండేవాడు, ముగ్గురు మనవళ్ళున్నారు. ఆయనా బ్యాచిలరే. 'ఈ వయసులో నన్ను మళ్ళీ బ్యాచిలర్ని చేసినారు, మీ అత్తకు చెప్పొద్దు' అనేవాడు. కుటుంబాలు నివసించే ప్రాంతాల్లో బ్యాచిలర్లకి అద్దెకివ్వకూడదన్న చట్టం ఇక్కడ 1992 నుంచి ఉంది. కుటుంబాన్ని తెచ్చుకుందామంటే 2024 జనవరి నుంచి 800 దినార్ల జీతం ఉండాలి. ఫర్వానియాలో ఒక చిన్న రవాణా కంపెనీలో లెక్కలు రాసే నాకు అందులో మూడో వంతు కూడా రాదు. కాబట్టి నేను బ్యాచిలర్‌గానే ఇంటికి పోతాను. అన్నట్టు, మన పార్లమెంటు పంచాయతీలకి రాజ్యాంగంలో చోటిచ్చిన 73వ సవరణని ఆమోదించింది కూడా ఆ 1992లోనే.

ఎవరు ఎక్కడ ఉండాలి, చెత్త డబ్బా ఎక్కడ పెట్టాలి, హోటల్లో వంటగది శుభ్రంగా ఉందా, దుమ్ము పట్టి రోడ్డు పక్కన పడున్న కారుని ఎప్పుడు ఎత్తుకుపోవాలి, ఇవన్నీ ఇక్కడ బలదియా పనులు. బలదియా అంటే మునిసిపాలిటీ. ఇది పెట్టింది 1930లో, కువైట్ నుంచి మొదటి చమురు ఓడ బయల్దేరడానికి పదహారేళ్ళ ముందు. ఊరికి డబ్బు రాకముందే వీధులూడ్చే సంస్థ వచ్చిందన్నమాట. దేశం మొత్తానికి ఒకటే మునిసిపల్ కౌన్సిల్. పదహారుమంది సభ్యులు. పదిమందిని ఎన్నుకుంటారు, ఆరుగురిని అమీర్ నియమిస్తారు. నాలుగేళ్ళ పదవి. కువైట్ మహిళలు తమ జీవితంలో మొదటి ఓటు వేసింది పార్లమెంటుకి కాదు, 2006 ఏప్రిల్‌లో జరిగిన ఒక మునిసిపల్ ఉపఎన్నికలో. అది చదివినప్పుడు నాకెందుకో చాలా నచ్చింది.

ఆఫీసులో పడేసిన ఇంగ్లీషు పేపర్లో కౌన్సిల్ వార్తలు చదవడం నాకు అలవాటు. ఫలానా బ్లాకులో విద్యుత్ సబ్‌స్టేషన్‌కి స్థలం. ఫలానా బడి ముందు కార్లు ఆపుకోవడానికి ఖాళీ. ఫలానా వీధి పేరు మార్పు. మా సెక్రటరీ చదివే కాగితానికీ దీనికీ పెద్ద తేడా ఏమీ లేదు. ప్రతి ప్రాంతానికి ముఖ్తార్ అని ఒకాయన ఉండేవాడు, ప్రభుత్వమే నియమించేది. మొదట్లో మన సర్పంచ్ లాంటి వాడనుకున్నాను. పేటలో జమియాకి, అంటే సహకార సూపర్‌మార్కెట్‌కి కూడా ఎన్నికలుంటాయి. 1962లో కైఫాన్‌లో మొదలైన ఏర్పాటు ఇది. వాటాదారులైన కువైటీలు ఓట్లేస్తారు. పాలూ పప్పులూ మేమూ అక్కడే కొంటాం. దేశ జనాభాలో మూడింట రెండు వంతులకి పైగా మాలాంటివాళ్ళం. వాళ్ళ దేశం, వాళ్ళ ఓటు, దాంట్లో నాకు పేచీ లేదు. కానీ ఎక్కడ పడుకోవాలనే ముచ్చట జరిగేటప్పుడు పడుకునేవాడిని 'అభ్యంతరమా?' అని తల ఎత్తకుండానైనా అడిగితే బావుండునని ఆ పది రోజులూ అనిపించింది.

సాయంత్రం తొమ్మిదిమందీ తొమ్మిది దిక్కులకి పోయాం. నాకు ఖైతాన్‌లోనే, మూడు వీధులవతల గది దొరికింది. కిటికీ ఉంది. విమానాశ్రయం దగ్గర కావడంతో దిగే విమానాల పొట్టలు కనపడతాయి. అద్దె ముప్పై అయిదు. రాయచోటి మామకి అంత ఇచ్చే స్తోమత లేదు. నాలుగు రోజులు ఒకరి దగ్గర, వారం ఇంకొకరి దగ్గర ఉన్నాడు. గది మారితే సివిల్ ఐడిలో అడ్రసు కూడా మార్చుకోవాలి, లేదంటే జరిమానా. అడ్రసు మార్చాలంటే అద్దె కాగితం కావాలి. తలదాచుకోనిచ్చినవాళ్ళు అద్దె కాగితం ఎక్కడ తెస్తారు? అక్టోబరులో సామాను సర్దుకుని ఇంటికెళ్ళిపోయాడు. పందొమ్మిదేళ్ళ కువైట్. ఎయిర్‌పోర్టులో 'పోనీలేరా, ఈసారి ఓటన్నా ఏస్తా' అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ, నా వైపు చూడలేదు.

సంక్రాంతి దాటాక కాలువ పని మొదలైంది. అమ్మ రోజూ వీడియో పంపేది. ఇవాళ తవ్వినారు, ఇవాళ కంకర తోలినారు, ఇవాళ ఎవరూ రాలేదు. ఉగాదికి ముందే అయిపోయింది. మా వాకిలి ఎండింది. అమ్మ రాళ్ళు తీసి గోడ పక్కన పేర్చి, తీసేశానని కూడా ఒక ఫోటో పెట్టింది.

జూన్‌లో తొలకరి పడిన వారానికి ఒక కొత్త నంబరు నుంచి ఫోన్ వచ్చింది. కువైట్ నంబరే. 'అన్నా, నేను కింద వీధి వాళ్ళ చిన్నోణ్ణి. జహ్రాలో ఉండా. మీ కాలువ నీళ్ళన్నీ వచ్చి మా ఇంటికాడ నిలబడతాండాయి. మా నాయిన నడవలేడు, నీకు తెలుసు గదా.'

తీర్మానంలో రాసింది మా ఇల్లు దాటేవరకే. అక్కడితో కాలువ ఆగింది. ఈసారి డబ్బు అంతవరకే.

ఆ శుక్రవారం వాడు బస్సులు మారి ఖైతాన్ వచ్చాడు. గది కింద మలయాళీ టీకొట్టులో కూర్చున్నాం. ముందు కొంచెం గట్టిగానే మాట్లాడుకున్నాం. మీరు మీ మటుకు చూసుకున్నారన్నాడు వాడు. సభకి మీ ఇంటినుంచి ఎవరొచ్చారన్నాను నేను. మా నాయిన ఎట్లా వస్తాడన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు. రెండో టీకి బిల్లు కాగితం తిరగేసి వీధి గీసుకున్నాం. వాళ్ళింటి నుంచి చెరువు కాలువ వరకు ఇంకో నలభై అడుగులుంటుందని వాడు, యాభై ఉంటుందని నేను. సెక్రటరీకి ఫోన్ చేశాం. ఊళ్ళో అప్పటికి రాత్రి తొమ్మిదయింది. అన్నం తింటూ ఎత్తినట్టున్నాడు.

'ఇద్దరూ కువైట్లోనే ఉండారా?' అన్నాడు. 'సరే, అర్జీ రాసి వాట్సాప్‌లో పెట్టండి, ప్రింటు నేను తీస్తా. సంతకానికి మాత్రం మీ అమ్మను రమ్మనన్నా. ఆ పిల్లోడి నాయిన దగ్గరికి రిజిస్టరు నేనే తీసకపోతా.'