ఎడారి బండిలో విద్యుత్తు

ఆస్ట్రేలియా ఖండము నడుమ సింప్సన్ అను గొప్ప ఎడారి కలదు. అందు ఎఱ్ఱని ఇసుక తిన్నెలు వేయికి మించి బారులు తీరియున్నవి. వానిని దాటుటకు నాలుగు చక్రములకును ఇంజను బలము నందించు మోటారు బండ్లు కావలెను. యాత్రికులు దినముల తరబడి ఆహారమును, నీటిని, ఇంధనమును బండిలోనే మోసికొని పోవుదురు. రాత్రి విడిసిన చోట దీపమునకును, చిన్న ఫ్రిజ్జుకును విద్యుత్తు అవసరము. అందుకై బండి వెనుక బయటి వైపున ఒక సాకెట్టు నమర్చి, ముందున్న బ్యాటరి నుండి దానికి తీగలు వేయుదురు.

ఇండ్లలోని విద్యుత్తు 230 వోల్టులు. బండి బ్యాటరి 12 వోల్టులు మాత్రమే. తాకినను చేయి ఝల్లుమనదు. కావున దీనివలన అపాయము లేదని కొందరు తలంతురు. అది సరి కాదు. 60 వాట్ల పనికి ఇంటి తీగలో పావు ఆంపియరుకు కొంచెము మించిన ప్రవాహము చాలును. బండి తీగలో అదే పనికి 5 ఆంపియర్లు పారవలెను. ప్రవాహము రెండింతలైనచో తీగలో పుట్టు వేడి నాలుగింత లగునని ఆంగ్ల శాస్త్రజ్ఞుడు జౌల్ 1841లో ప్రకటించిన సూత్రము తెలుపుచున్నది. కనుక బండిలో భయపడవలసినది తాకుడునకు కాదు, వేడికి.

మొదటి జాగ్రత్త, తగినంత లావైన తీగను వాడుట. రాకపోకలు కలిపి 10 మీటర్ల రాగితీగలో 20 ఆంపియర్లు పారుచున్నవనుకొందము. తీగ అడ్డుకోత 2 చదరపు మిల్లీమీటర్లైనచో దారిలోనే సుమారు 1.7 వోల్టులు నష్టమగును. అది 6 చదరపు మిల్లీమీటర్లైనచో నష్టము 0.6 వోల్టులకు తగ్గును.

రెండవది ఫ్యూజు. పరిమితిని మించిన ప్రవాహము వచ్చినపుడు తాను కరగి మార్గమును తెంచు లోహపు ముక్కయే ఫ్యూజు. దానిని సాకెట్టు వద్ద గాక బ్యాటరికి అతి సమీపమున ఉంచవలెను. ఏలయన, బండి ఇనుప దేహము బ్యాటరి ఋణధ్రువముతో కలిసియుండును. కుదుపులకు ధనధ్రువపు తీగ పైతొడుగు ఒరసికొని చిరిగి, లోని రాగి ఆ ఇనుమును తాకినచో వందల ఆంపియర్లు ఒక్కమారుగా పారును. ఫ్యూజు తీగ చివర నున్నయెడల ఆ ప్రవాహము దాని వరకు పోనే పోదు. తీగ ఎఱ్ఱగా కాలి బండి అంటుకొనును. ఎడారిలో బండి కాలినచో నీరును, ఆహారమును దానితోనే పోవును. రెండవ బ్యాటరి ఉన్నచో దాని వద్దను వేరొక ఫ్యూజు ఉండవలెను. ఫ్యూజు పరిమితి తీగ ఓర్పును మించరాదు. కరగిన ఫ్యూజుకు మారుగా మేకును గాని, లావు తీగను గాని పెట్టరాదు.

తీగ దూరు ప్రతి రంధ్రమునకును రబ్బరు వలయము తొడిగి, పొగగొట్టమునకు దూరముగా కట్టవలెను. సాకెట్టుకు దుమ్ము, నీరు చొరని మూత ఉండవలెను. పని ప్రారంభించు నపుడు ముందుగా ఋణధ్రువమును విప్పి, ముగిసిన పిమ్మట దానినే కడపట బిగించవలెను. ఈ క్రమమును పాటించినచో ధనధ్రువమును విప్పునపుడు పానా బండి దేహమును తాకినను నిప్పురవ్వ లేవదు. బ్యాటరి నుండి వెలువడు హైడ్రోజను వాయువు చిన్న రవ్వకే ప్రేలగలదు గదా!

ఫ్యూజు మిక్కిలి చిన్న వస్తువు. అయినను తాను నశించి తీగను, బండిని, అందలి మనుష్యులను కాపాడును. అది కరగినపుడు విసుగుకొనక, కరగుటకు గల కారణమును వెదకి సరిదిద్దుటయే వివేకము.