పాల లెక్కకు కాపలా కాసే అంకె

సభ్యులు పోసిన పాల కొలత, వెన్న శాతం పూర్వం రిజిస్టరులో రాసి పంపేవారు. ఇప్పుడు అనేక సంఘాలలో యంత్రమే కొలిచి, ఆ అంకెలను ఫోన్ సిగ్నల్ ద్వారా యూనియన్ కార్యాలయానికి చేరవేస్తున్నది. మేము తనిఖీకి వెళ్ళినచోట సభ్యులు తరచుగా అడిగే ప్రశ్న: "గాలిలో పోయే అంకె మారిపోదని ఏమిటి నమ్మకం?" సబబైన ప్రశ్నే. ఒక్క అంకె మారినా బిల్లు మారుతుంది.

యంత్రం ప్రతి అంకెను 1, 0 అనే రెండు గుర్తులుగా మార్చి పంపుతుంది. మెరుపుల వల్లనో, సిగ్నల్ బలహీనత వల్లనో 1 కాస్తా 0గా అందవచ్చు. దీనిని పట్టుకొనుటకు అసలు అంకెలకు తోడుగా ఒక సరిచూపు అంకెను పంపుతారు. ఇది కొత్త ఉపాయం కాదు. మన దేశంలో 2013లో ముగిసిన టెలిగ్రాం సేవలో కూడా వార్తతోబాటు మాటల సంఖ్యను పంపేవారు. అందుకున్న గుమాస్తా మాటలు లెక్కించి సరిచూసుకునేవాడు.

ఒక ఉదాహరణ చూద్దాం. 47వ నంబరు సభ్యుడు 5.2 లీటర్లు పోశాడు, వెన్న 6.8 శాతం. ఈ అంకెలన్నీ కూడితే 32. దీనినీ జతచేసి పంపుతారు. దారిలో 6.8 కాస్తా 6.3 అయితే మొత్తం 27 వస్తుంది. తప్పు దొరికినట్లే, మళ్ళీ పంపమని కార్యాలయపు యంత్రం అడుగుతుంది.

అయితే ఎవరైనా తిరిగి టైపు చేస్తూ 6.8కి బదులు 8.6 కొడితే? మొత్తం 32గానే ఉంటుంది. అందుచేత మొదటి అంకెను 1తో, రెండవదానిని 2తో, ఈ వరుసన హెచ్చవేసి కూడే పద్ధతి ఉన్నది. అప్పుడు అసలు మొత్తం 119, తారుమారైనది 117. తప్పు బయటపడుతుంది. మన ఆధార్ సంఖ్యలో 12వ అంకె కూడా ఇటువంటి కాపలాదారే. దాని లెక్క వేరు. 1969లో వెర్హోఫ్ అనే డచ్చి గణితవేత్త ప్రకటించినది.

యంత్రాల నడుమ మరింత గట్టి పద్ధతి వాడతారు. 1961లో అమెరికాలో వెస్లీ పీటర్సన్ వివరించిన ఈ పద్ధతిలో గుర్తుల వరుసనంతటినీ ఒక విధమైన భాగహారం చేసి, వచ్చిన శేషాన్ని జతచేస్తారు. శేషం 16 గుర్తులదైతే, వరుసగా 16 గుర్తుల మేర లోపు జరిగిన ఏ పొరపాటూ తప్పించుకోలేదు.

కాని ఒక్క సంగతి మరువరాదు. ఈ కాపలా దారికే గాని మొదలుకు కాదు. నమూనా సీసా మారినా, 47కు బదులు 74 నొక్కినా, ఆ తప్పే సరిచూపు అంకెతో సహా భద్రంగా కార్యాలయం చేరుతుంది. ఆ తప్పును పట్టగలవారు సభ్యులే. కనుక పాలు పోసిన వెంటనే రసీదులో నంబరు, లీటర్లు, వెన్న శాతం అక్కడే చూసుకొనండి. బిల్లు చేతికందేవరకు రసీదులు దాచి, రెండూ పోల్చుకొనండి. తేడా కనిపిస్తే ఆ రోజే కార్యదర్శికి తెలియజేయగలరని మా మనవి.