మాత్సుమోతో గిబ్సన్లు

సబ్బవరం దాటి కాస్త ఉత్తరానికి వెళ్తే కొత్తవలస వస్తుంది. అక్కడి నుంచి కిరండూల్ దాకా కొండలు తొలిచి వేసిన రైలు మార్గం 1960ల నాటిది. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు దించి జపాన్ ఉక్కు మిల్లులకు ఎగుమతి చేయాలని, ఆ దేశపు తోడ్పాటుతోనే దాన్ని వేశారు. అనంతగిరి సొరంగాల్లోంచి ఖనిజం బండ్లు దిగుతున్న ఆ రోజుల్లోనే జపాన్ నడిబొడ్డున, సముద్రం కనపడని నగానో కొండల్లో, మాత్సుమోతో అనే ఊరి వడ్రంగులు అమెరికా జాజ్ గిటార్లకు నకళ్లు చేయడం నేర్చుకుంటున్నారు. మనవాళ్లకు అప్పట్లో జపాన్ అంటే ఖనిజం కొనే దేశం. అమెరికా గిటారిస్టులకేమో చవక వాయిద్యాలు అమ్మే దేశం. పాతికేళ్లు గడిచేసరికి వాళ్ల అభిప్రాయం పూర్తిగా మారింది.

నకలు సంగతి తెలియాలంటే ముందు అసలు సంగతి తెలియాలి. ఈ గిటార్ వంశవృక్షం మాండలిన్‌తో మొదలవుతుంది. మిషిగన్ రాష్ట్రంలోని కలమజూ పట్టణంలో ఆర్విల్ గిబ్సన్ అనే పనివాడు 1890ల్లో మాండలిన్లు చేసేవాడు. అప్పటి మాండలిన్ వెనక భాగాన్ని సన్నని చెక్క బద్దీలు వంచి, అతికించి, గుండ్రంగా చేసేవారు. గిబ్సన్‌కి చెక్కను వంచడమే గిట్టదు. వంచిన చెక్కలో బిగువు మిగిలిపోతుందని, అది హాయిగా కంపించదని ఆయన నమ్మకం. అందుకని పై పలకనూ వెనక పలకనూ వయొలిన్ పలకల మాదిరిగా మధ్యలో ఉబ్బుగా చెక్కాడు. పక్కగోడల్ని కూడా మొద్దులోంచే తొలిచాడు. 1898లో ఆ పద్ధతికి పేటెంటు వచ్చింది.

బొబ్బిలి వీణ తయారీ చూసినవారికి ఇందులో వింతేమీ కనిపించదు. గొల్లపల్లి కళాకారులు పనస మొద్దులోంచి కుండనూ దండినీ ఒకే ముక్కగా తొలుస్తారు. అతుకు లేదు కాబట్టి దాన్ని ఏకాండ వీణ అంటారు. ఒకరినొకరు చూడని ఇద్దరు పనివాళ్లు, భూగోళానికి చెరో పక్కన, చెక్కలో నాదం దాగే చోటు గురించి ఒకే నిర్ణయానికి రావడం నాకు ఎప్పుడూ ఆనందమే. గిబ్సన్ పేరుతో 1902లో పెట్టిన కంపెనీ పక్కగోడలు తొలవడం మానేసి మళ్లీ వంచడానికే వచ్చింది. ఉబ్బు పలకను మాత్రం వదల్లేదు.

1922లో అదే కంపెనీలో లాయిడ్ లోర్ ఆ ఉబ్బు పలకను గిటార్‌కి ఎక్కించి ఎల్-5 తయారు చేశాడు. మధ్యలో గుండ్రటి రంధ్రం తీసేసి, వయొలిన్‌కి ఉన్నట్టు రెండు పక్కలా ఎఫ్ ఆకారపు చీలికలు పెట్టాడు. తీగలు గుర్రం మీదుగా వెళ్లి గిటార్ అడుగు అంచున ఉన్న లోహపు పట్టీకి తగులుకుంటాయి, గుర్రాన్ని పలక మీదికి గట్టిగా అదుముతాయి. మీటగానే స్వరం ఠక్కున లేచి తొందరగా ఆరిపోతుంది. బాకాల మధ్య తాళం పట్టాల్సిన గిటార్‌కి కావలసింది అదే. ఎంత చేసినా సాక్సఫోన్లు, ట్రంపెట్ల ముందు అది సోలో వాయించగలిగేది కాదు.

దానికి గొంతు తెచ్చింది అయస్కాంతం. 1936లో వచ్చిన గిబ్సన్ ఈఎస్-150లో తీగల కింద ఒక పికప్ పెట్టారు. అయస్కాంతం, దాని చుట్టూ సన్నటి రాగి తీగ చుట్ట, అంతే సరంజామా. ఉక్కు తీగ కదిలినప్పుడు అయస్కాంత క్షేత్రం చెదురుతుంది, రాగి చుట్టలో చిన్న విద్యుత్తు పుడుతుంది. మైకేల్ ఫారడే 1831లో కనిపెట్టిన సూత్రమే ఇది. చార్లీ క్రిస్టియన్ ఆ గిటార్‌తో 1939లో బెన్నీ గుడ్‌మన్ బృందంలో చేరి, గిటార్‌ని సాక్సఫోన్ పక్కన నిలబెట్టాడు. 1942లో క్షయతో పోయాడు. అప్పటికి పాతికేళ్లవాడు.

గొంతుతో పాటు ఒక జబ్బు కూడా వచ్చింది. పెళ్లి పందిట్లో మైకుని స్పీకర్ ముందుకు తెస్తే కూతపెడుతుంది కదా, బోలు గిటార్‌ది కూడా అదే జబ్బు. స్పీకర్ లోంచి వచ్చిన శబ్దం గిటార్ పలకను కుదుపుతుంది. పలక తీగల్ని కదుపుతుంది. ఆ కదలికను పికప్ పట్టి మళ్లీ స్పీకర్‌కి పంపుతుంది. చుట్టు తిరిగిన కొద్దీ శబ్దం పెరిగి, పలకకూ లోపలి గాలికీ సహజంగా ఉన్న స్వరం దగ్గర కూత మొదలవుతుంది. పలక ఎంత పల్చగా, ఎంత చురుగ్గా ఉంటే కూత అంత తొందరగా వస్తుంది. అంటే ఎంత మంచి పలక చెక్కితే అంత ఇబ్బంది.

మన పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ దీనికి ఎదురు దారి పట్టారు. జంట తీగల బోలు మాండలిన్ వదిలి, అయిదు ఒంటి తీగలున్న గట్టి చెక్క విద్యుత్ మాండలిన్ ఎంచుకున్నారు. గట్టి చెక్క తీగ శక్తిని తాగేయదు, స్వరం చాలాసేపు నిలుస్తుంది, గమకం పలకడానికి వ్యవధి దొరుకుతుంది. జాజ్ గిటారిస్టులకు మాత్రం తొందరగా ఆరిపోయే ఆ మెత్తని దెబ్బే కావాలి. అందుకే వాళ్లు బోలు గిటార్‌ని వదల్లేదు.

1949లో గిబ్సన్ ఈఎస్-175 తెచ్చింది. పేరులోని అంకె దాని ధర, 175 డాలర్లు. ఇందులో చెక్కిన స్ప్రూస్ పలక లేదు. పల్చటి పొరలు జిగురుతో అతికి, అచ్చులో పెట్టి ఉబ్బుగా నొక్కిన ప్లైవుడ్ ఉంది. చవక కోసం చేసిన ఈ పని ఊహించని మేలు చేసింది. ప్లైవుడ్ పలక బరువు, బిగువు. స్పీకర్ శబ్దానికి అంత తేలిగ్గా ఊగిపోదు, కూత ఆలస్యంగా వస్తుంది. 1957 నుంచి దీనికి సెత్ లవర్ రూపొందించిన హమ్‌బకర్ పికప్‌లు వచ్చాయి. రెండు చుట్టలు, ఒకదానికొకటి వ్యతిరేకంగా చుట్టి, వ్యతిరేక అయస్కాంత ధ్రువాలతో అమర్చారు. గదిలోని కరెంటు తీగల నుంచి వచ్చే గుయ్యిమనే రొద రెండింట్లోనూ ఎదురెదురుగా పుట్టి రద్దవుతుంది, తీగ స్వరం మాత్రం కలిసి రెట్టింపవుతుంది. జపాన్ వాళ్లు ఎక్కువగా నకలు చేసిన జాజ్ గిటార్లలో ఇదొకటి. నొక్కుడు పలక కాబట్టి నకలుకి లొంగింది కూడా ఇదే.

నకలు అనగానే అక్కడివారికి అప్పటిదాకా పనితనం లేదనుకుంటే పొరపాటు. నగోయాలో షామిసెన్ వాయిద్యాలు చేసే మసాకిచి సుజుకి 1880ల చివర్లోనే ఒక వయొలిన్ చూసి, దాన్ని పోల్చుకుంటూ తానొకటి చేసి, తర్వాత పెద్ద ఫ్యాక్టరీ పెట్టాడు. పిల్లలకు వయొలిన్ నేర్పే సుజుకి పద్ధతి ఆయన కొడుకు షినిచి రూపొందించినదే. ఆ షినిచి రెండో ప్రపంచ యుద్ధం తర్వాత స్థిరపడింది మాత్సుమోతోలోనే. నగోయాకే చెందిన హోషినో గక్కి 1929లో స్పెయిన్ నుంచి సాల్వడార్ ఇబానెజ్ గిటార్లు దిగుమతి చేసి, తర్వాత ఆ పేరునే తన సరుకుకి పెట్టుకుంది. మాత్సుమోతోలో 1960లో ఫుజిజెన్ మొదలైంది. పక్కనే మాత్సుమోకు కుట్టుమిషన్లకు చెక్క పెట్టెలు చేసేది. చెక్కను పొరలుగా అతకడం, అంచులు నునుపు చేయడం, మెరిసే పూత పూయడం ఆ కార్మికులకు చేతికొచ్చిన విద్య. పెట్టెల నుంచి గిటార్లకు మారడానికి వాళ్లకి ఎక్కువ శ్రమ పట్టలేదంటే నేను ఆశ్చర్యపోను.

డబ్బు లెక్క కూడా కలిసొచ్చింది. 1949 నుంచి 1971 దాకా డాలరుకు 360 యెన్ల స్థిర మారకం. అమెరికాలో గిబ్సన్ కంపెనీ 1969లో చేతులు మారింది. తర్వాత నార్లిన్ అనే మాతృసంస్థ కిందికి వెళ్లింది, ఆ ఏళ్లలో నాణ్యత మీద ఫిర్యాదులు పెరిగాయి. ఆ సందులోకి జపాన్ గిటార్లు దూరాయి. అంతకన్నా చెప్పుకోదగ్గది, గిబ్సన్ 1957లో కొనేసిన ఎపిఫోన్ పేరు మీద గిటార్ల తయారీని 1970 ప్రాంతంలో ఆ యాజమాన్యమే జపాన్‌కి తరలించింది. నకలు చేస్తున్న ఫ్యాక్టరీకే అసలు కంపెనీ తన పని అప్పగించిందన్నమాట.

మొదట్లో నకళ్లు పైకి మాత్రమే పోలినవి. బొమ్మ సరిగ్గా ఉండేది, మెడ కోణం తేడాగా ఉండేది. 1970ల మధ్యకి వచ్చేసరికి ఆ తేడాలు కరిగిపోయాయి. ఈఎస్-175కి నకలుగా వచ్చిన ఇబానెజ్ 2355ని తీసుకోండి. మెడని మరలతో బిగించకుండా జిగురుతో అతికారు. మాక్సాన్ సంస్థ చేసిన సూపర్ 70 పికప్‌లకు ఇప్పటికీ వెతుక్కునే అభిమానులున్నారు. 1975 మధ్య నుంచి ఇబానెజ్ గిటార్ల తల వెనక ఒక ఆంగ్ల అక్షరం, ఆ తర్వాత అంకెలు కనిపిస్తాయి. అక్షరం నెల, మొదటి రెండంకెలు ఏడాది. అక్షరమాలలో మూడోదైన సి పక్కన 76 ఉంటే అది 1976 మార్చిలో పుట్టిన గిటార్. మిగతా నాలుగు అంకెలు వరుస సంఖ్య. దాచుకోవాల్సిన సరుకు చేసేవాడు పుట్టిన నెల కూడా దాని ఒంటి మీద గుద్దడు. ఆ అంకెల్లో నాకు కనిపించేది తమ పని మీద తమకున్న గౌరవం.

1977 జూన్ 28న ఫిలడెల్ఫియాలోని ఫెడరల్ కోర్టులో నార్లిన్ దావా వేసింది, ఇబానెజ్ గిటార్లను అమెరికాలో అమ్మే ఎల్గర్ కంపెనీ మీద. ఈనాటికీ 1970ల జపాన్ నకళ్లన్నిటినీ గంపగుత్తగా ‘దావా గిటార్లు’ అంటుంటారు. నిజానికి దావా పడింది ఆ ఒక్క అమ్మకందారు మీదే. అందులోని తగువు కూడా గిటార్ శరీరం గురించి కాదు, నాదం గురించి కాదు. బిరడాలుండే తల పై అంచు గురించి. తెరిచిన పుస్తకంలా రెండు వంపులతో ఉండే ఆ గీత తమదని నార్లిన్ వాదన. దావా పడేనాటికే ఇబానెజ్ ఆ గీత మార్చేసింది. మరుసటి ఏడాది మొదట్లో ఇరుపక్షాలూ కోర్టు బయట రాజీపడ్డాయి.

సబ్బవరం న్యాయప్రస్థలో దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం ఉంది. మేధో సంపత్తి హక్కులు చదివే పిల్లలకు ఇంతకన్నా చేతికందే ఉదాహరణ దొరకదనిపిస్తుంది. పేటెంటుకి గడువుంటుంది, అది తీరాక ఆ పనితీరు అందరిదీ. ఉబ్బు పలక, రెండు చుట్టల పికప్ అలా జనం సొత్తయ్యాయి. ట్రేడ్‌మార్కుకి అలాంటి గడువు లేదు, కాని అది కాపాడేది సరుకు ఎవరిదో చెప్పే గుర్తునే. మన 1999 ట్రేడ్‌మార్కుల చట్టం కూడా వస్తువు ఆకారాన్ని గుర్తుగా ఒప్పుకుంటూనే, పనికోసం తప్పనిసరైన ఆకారాన్ని నమోదు చేయడానికి వీల్లేదంటుంది. బొబ్బిలి వీణకి వచ్చిన భౌగోళిక గుర్తింపు మూడో దారి. అక్కడ హక్కు ఒక కంపెనీది కాదు, ఒక ప్రాంతపు పనితనానిది. మాత్సుమోతోకి అలాంటి గుర్తింపు ఉంటే దాన్ని ఎవరూ కాదనలేరు.

దావా పడిన ఆ 1977లోనే ఇబానెజ్ జీబీ10 వచ్చింది. జాజ్ గిటారిస్టు జార్జ్ బెన్సన్ అంతకుముందు ఏడాది ‘బ్రీజిన్’ ఆల్బంతో జాజ్ దాటి ఇంటింటా వినిపించాడు. పెద్ద హాళ్లలో, పెద్ద శబ్దంతో వాయించాలి. కూత వెంటాడుతోంది. ఆయనతో కూర్చుని చేసిన గిటార్‌లో శరీరం చిన్నదైంది, ఈఎస్-175 వెడల్పు 16 అంగుళాల పైనైతే ఇది పదిహేనుకి లోపే. పికప్‌ల కోసం పలకకు రంధ్రాలు కోయకుండా, పలకకు తగలకుండా తేల్చి అమర్చారు. చిన్న పలకను స్పీకర్ అంతగా కుదపలేదు. కోత లేని పలక తన నాదం తాను పోగొట్టుకోలేదు. ఇది ఏ అమెరికన్ గిటార్‌కీ నకలు కాదు. అయితే దీన్ని చేయగలిగింది మాత్రం నకళ్లు చేసిన చేతులే. ఎక్కడ ఎంత మందం ఉంటే కూత ఎప్పుడు వస్తుందో వందలకొద్దీ గిటార్లు పోల్చుకుంటూ చేసినవాడికి తెలిసినంతగా, ఒక్క నమూనాని కాపాడుకుంటూ కూర్చున్నవాడికి తెలియదని నా అభిప్రాయం. బెన్సన్ పేరుతో ఆ గిటార్ నాలుగు దశాబ్దాలు దాటి నడిచింది.

1985 తర్వాత యెన్ విలువ పెరిగింది. చవక తయారీ కొరియాకి, ఆపైన ఇండోనేషియా, చైనాలకి తరలింది. మాత్సుమోకు 1987లో మూతపడింది. నగోయాలోని తెరడా ఫ్యాక్టరీ మాత్రం అమెరికన్ కంపెనీ గ్రెట్ష్ తన బోలు గిటార్లను తయారు చేయించుకునే చోటైంది. ఇక మన దగ్గరికొస్తే, కోల్‌కతాలో గివ్‌సన్ పేరుతో వచ్చే గిటార్ల మీద మన దేశంలో వేలమంది మొదటి పాఠాలు నేర్చుకున్నారు. వాటిలోనూ ఇలాంటి చదువే సాగిందా అన్నది ఎవరైనా రాయదగ్గ సంగతి.

విశాఖ చుట్టుపక్కల ఎవరి చేతికైనా పాత జపాన్ బోలు గిటార్ వస్తే ఒక మేలు, ఒక జాగ్రత్త ఉన్నాయి. మన గాలిలో తేమ 70 శాతం దాటడం మామూలే. చెక్క తేమ పీల్చి నారకు అడ్డంగా ఉబ్బుతుంది. చెక్కిన ఒంటి పలక ఆ ఉబ్బుకి పైకి లేచి తీగల ఎత్తు మార్చేస్తుంది. ఎండాకాలం ఏసీ గదిలో బిగుసుకుని చీలిపోతుంది కూడా. ప్లైవుడ్‌లో పొరల నారలు ఒకదానికొకటి అడ్డంగా ఉంటాయి కాబట్టి ఒక పొర ఉబ్బును ఇంకో పొర పట్టి ఆపుతుంది. అసలు కన్నా నకలుకి మన తీరం పడుతుంది.

జాగ్రత్త గోకుడు పలకతో. మీటు తగిలి పూత పోకుండా తీగల పక్కన పెట్టే ఆ పల్చటి పలకను పాత గిటార్లలో సెల్యులాయిడ్‌తో చేసేవారు. వేడిలో, తేమలో అది కుళ్లి నత్రికామ్లపు ఆవిరి వదులుతుంది. పికప్ మూతలు పచ్చబడి, తీగలు ఊరికే తుప్పుపడుతూ, పలక అంచు పొడిగా రాలుతుంటే, సముద్రపు గాలిని తిట్టుకోకుండా రెండు మరలు విప్పి ముందు దాన్ని తీసేయండి. గిటార్ పెట్టెలో కూడా ఉంచకండి. మూత వేసిన పెట్టెలో ఆ ఆవిరి ఎటూ పోలేక మిగతా లోహాన్నంతా తినేస్తుంది.